ఒడ్డు కనిపించే అద్దాలు

వియా ఒర్తెన్సియా,
జనవరి 29, మధ్యాహ్నం

నాన్నా,

…ఆ పలక సంగతి చెప్తూ చెప్తూ నిన్న ఆపేశా, అమ్మ లేచిన చప్పుడైతే. ఎలా ఉన్నావు, ఒంట్లో బాగుందా అని నిన్నటి కాగితంలోనే అడిగేశా, మళ్ళీ అడగను. బాగుండాలంతే. ఇప్పుడు ఊరంతా కునుకు తీస్తోంది. అమ్మ కూడా.

నేను నదిలో ఈదుతుంటే మామయ్య పడవలోంచి తెల్ల పలక మీద రాసి చూపిస్తాడు కదా, కుడికి రా, నీళ్ళు తాగు అని. నీళ్ళలో కళ్ళద్దాలు ఉండవుగా, ఏడాదిగా నాకు ఆ అక్షరాలు కనిపించట్లేదు. నల్ల గీతలు, అంతే. పలక లేవగానే బొటనవేలు ఎత్తేసి, మామయ్య చెయ్యి ఎటు ఊపితే అటు పోయేదాన్ని. నువ్వు పడవలో ఉన్నప్పుడు పలకే అక్కర్లేదు. నువ్వు తెడ్డుతో నీళ్ళు కొట్టే తీరుకే అర్థమైపోయేది.

మొన్న ఒస్వాల్దో మామయ్యకి అనుమానం వచ్చింది. పలక మీద 'నువ్వు గాడిదవా?' అని రాశాడంట. నేను బొటనవేలెత్తా. 'పెద్ద గాడిదవా?' అని రాశాడంట. ఈసారి రెండు చేతులూ ఎత్తా! పడవ బోల్తా పడేంత నవ్వాడు. నవ్వడం అయ్యాక తెడ్డు పక్కన పెట్టి, ఎన్నాళ్ళనించే ఇది అని చాలా మెల్లగా అడిగాడు. తిట్టినా బాగుండేది. ఆ మెల్లగా అడగడానికే నాకు భయమేసింది.

అమ్మకి చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడ్డా. తెలిస్తే నది బంద్. పూల్‌లో గోడనించి గోడకి ఈదుకో అంటుంది. ఇంక ఫిబ్రవరి రేసు ఉండదు. పుయెర్తో లారెస్ దాకా ఈదే రేసు, అంటే మీ ఊరి దాకా. నువ్వు వెళ్ళి ఉంటున్న చోటుని మీ ఊరు అని రాయడం నాకింకా అలవాటవలేదు నాన్నా.

మామయ్య ఒక్క షరతు పెట్టాడు. పవర్ ఉన్న ఈత అద్దాలు కొనుక్కోవాలి, లేదంటే ఆయనే అమ్మకి చెప్తాడు. అందుకే నిన్న పొద్దున ఇంగ్లీషు స్కూల్లో సెలవుల క్లాసు ఉందని అమ్మకి అబద్ధం చెప్పి, మామయ్యా నేనూ పెత్రోనా గారి కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం. ఆవిడ నా కళ్ళు చూసి, ఈ కళ్ళతోనా నదిలో తిరుగుతున్నావు, నీకంటే బురదచేపలు నయం అంది.

కుడి కన్ను బాగా వీక్, ఎడమది కాస్త పర్లేదు. ఏ కంటికి ఆ అద్దం విడిగా తీసుకుని, రెండూ ముక్కు దగ్గర కలిపి బిగించుకోవాలంట. కళ్ళద్దాల్లో ఉండే సిలిండర్ పవర్ ఈత అద్దాల్లో దొరకదంట, అందుకని దాన్లో సగం మామూలు పవర్‌లో కలిపి లెక్కేసింది. నల్ల అద్దాలు అడిగా, స్టైల్‌గా ఉంటాయని. నది అసలే బురద, అందులో నల్లద్దాలా, లోపల తల పెడితే అమావాస్యే అంది. లేత పొగరంగు చాలంట, రేసు చివర్లో ఎండ ఎదురు కొడుతుంది కాబట్టి. అంచులు వెడల్పుగా ఉండాలంట, పక్కన పడవ కూడా కనిపించేలా. పోనీ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని పైన నా పాతవి వేసుకుంటా అన్నా. నది నీళ్ళు లెన్సు కిందికి పోతే కన్నే పోతుంది, ఆ మాట ఇంకోసారి అంటే చెంప పగులుద్ది అంది.

షాపులో ఉన్న జత పెట్టి నన్ను గుమ్మంలో నిలబెట్టింది. ఎదురుగా చర్చి మెట్ల మీద ఒకాయన నారింజ ఒలుస్తున్నాడు. తొక్క చుట్టలు చుట్టలుగా జారడం కూడా కనిపించింది. ఏడుపొచ్చేసింది. అద్దాల నిండా నీళ్ళు. బయటి నీళ్ళు రాకుండా చెయ్యగలంగానీ పిల్లా, లోపలి నీళ్ళకి మా దగ్గర సరుకు లేదు అంది. మామయ్య పకపకా నవ్వాడు, నేను కూడా.

నా పవర్‌వి తెప్పించాలి. తెప్పించాలో వద్దో సోమవారం చెప్పమంది.

నీ
నెరెయా

తా.క. పలక చదవడానికే అని మామయ్యకి చెప్పా, ఆవిడకి చెప్పా, పైన నీకూ అలాగే రాశా. అది కాదు. మొన్నటినించీ మామయ్య పలక బదులు ఈలే వేస్తున్నాడు, దాంతో నడిచిపోతోంది.

నాకు కావాల్సింది ఒడ్డు. పోయినేడు చివర్లో తలెత్తి చూస్తే మీ రేవులో టోపీలు పెట్టుకుని బోలెడంతమంది మగాళ్ళు. ఎవరికీ మొహాల్లేవు. అందుకే అందరూ నువ్వే. అంత గట్టిగా నేనెప్పుడూ ఈదలేదు. పైకొచ్చి కళ్ళద్దాలు వెతుక్కునేలోపు జనం చెదిరిపోయారు. నువ్వొచ్చావో లేదో నాకిప్పటికీ తెలీదు. మామయ్యని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈసారి మొహాలు కనిపిస్తాయి. అదే నా భయం.

శనివారం మామయ్య ఎరలకి మీ రేవుకొచ్చి ఇది ఇస్తాడు. ఆయనతో ఒక్క మాట పంపు. రేసు రోజు రేవుకి వస్తానంటే కొత్తవి తెప్పించమంటా. రాలేనన్నా చెప్పు, ఏమీ అనుకోను. మామయ్యకి ఏదో ఒకటి చెప్పి పాతవాటితోనే ఈదుతా. వాటిలోంచి చూస్తే నువ్వెప్పుడూ ఒడ్డు మీదే ఉంటావు.

అమ్మ తలుపు కొడుతోంది. పగటిపూట గడియెందుకే అంటోంది. పరుపు కింద పెట్టేస్తున్నా