మూడో కుర్చీ

సరితా,

ఇవాళ మీ అత్తమ్మ ధూల్‌పేట్ నుంచి మళ్లీ నా గదికి వచ్చింది. వేళ్లకు వినాయకుడి విగ్రహాలకేసే రంగు అలాగే ఉంది. వెంట నీ తోడికోడలు, ఇరవై రోజుల బాలింత. అప్పుడు నీ పక్కన కూర్చున్నట్టే అత్తమ్మ మూడో కుర్చీలో కూర్చుంది.

"చనిపోవాలనిపిస్తోందా?" అని ఆ రోజు నిన్ను అడిగితే ఆమే చెప్పింది: "గట్లాంటిదేం లేదు మేడమ్, మంచిగనే ఉన్నది." ఇంత సీనియర్ సైకాలజిస్టునై ఉండీ, దాన్నే నీ జవాబుగా రాసుకున్నాను. వారానికే నువ్వు ప్రాణం తీసుకున్నావు.

ఇవాళ అదే ప్రశ్న నీ తోడికోడలిని అడగబోతుంటే మీ అత్తమ్మ లేచింది. "నేను బయట కూసుంట మేడమ్. నేనుంటే చెప్పది." తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

నీ తోడికోడలు వెంటనే ఏడ్చేసింది. నేను ఖాళీ కుర్చీనే చూస్తుండిపోయాను. బయట కూర్చోమనే ఆ మాట ఆ రోజు ఆమెతో నేను అనాల్సింది, సరితా.