పండుగ వెళ్లిన తొమ్మిదో రోజు

ఫుసాయె పిన్నీ,

ప్లమ్ పూలు చూడటానికి ఆదివారం రమ్మన్నావు. రాలేను, కోప్పడకు. అమ్మ పోయాక నాకు ఒంట్లో ఓపిక లేదు.

ఆడపిల్లల పండుగకు రాజు, రాణి బొమ్మలను ఈసారి ఒక్కదాన్నే మెట్ల మీద పేర్చాను. ఏటా మర్నాడు పొద్దున్నే అమ్మ వాటిని పెట్టెలో సర్దించేది. "ఆలస్యమైతే నీకు పెళ్లి కాదే, మొద్దూ! బొమ్మలకు చుట్టే ఆ కాగితాలందుకో!" అని కేకలేసేది. నాకు యాభై నాలుగేళ్లు వచ్చినా మానలేదు. నేను విసుక్కునేదాన్ని.

పండుగ వెళ్లి తొమ్మిది రోజులైంది. బొమ్మలింకా తీయలేదు. నిన్న రాణి చేతిలోని విసనకర్ర తీసి, కాసేపు కూర్చుని, మళ్లీ పెట్టేశాను.

పూలు నువ్వు చూసిరా. వచ్చే దారిలో మా ఇంటికొచ్చి నన్నొకసారి గట్టిగా తిట్టు పిన్నీ. లేచి సర్దుతాను.

నీ అక్క కూతురు