అల్లుడి కాగితం, నా కాగితం

కురబలకోట,
ఆదివారం.

అల్లుడు జయచంద్రకు,

మీ మామ ఓబులప్ప రాస్తున్నాను. దీవెనలు ముందుగా పెట్టడం లేదు. అంతా చదివినాక తీసుకోబుద్ధయితే తీసుకో, లేకుంటే వదిలెయ్.

నా ఫోను నువ్వు ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే సరి. ఫోనులో నా గొంతు లేస్తుంది, మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉంటుంది. వయోజన బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతో మెల్లగా రాస్తే కోపం దారిలోనే అలిసిపోతుంది. ఈ ఉత్తరానికి రెండు పొద్దులు పట్టింది. నా బిడ్డ మంజుకు తెలియదు.

అసలు మాట ముందు చెప్పేస్తాను. ఆ రక్తపరీక్ష కాగితంలో ఉన్న బాణాలు నువ్వు తాగినావని చెప్పడం లేదంట. మదనపల్లెలో డాక్టరమ్మ శోభారాణి చెప్పింది. వేరే పని మీద పోయి, సంచిలో ఉంటే ఆ కాగితం కూడా చూపించాను. ఆమె ముందు అడిగింది నీ పని గురించి. "టమోటా యార్డులో హమాలీ" అన్నాను. "రక్తం ఎప్పుడు తీసినారు? బరువులు మోసి వచ్చినాకా?" అనింది. అవునన్నాను. "కండలు అంత కష్టపడితే కూడా ఈ లివరు అంకెలు రెండూ పెరుగుతాయి పెద్దాయనా. దీన్ని చూసి తాగినాడని ఎవురు చెప్పినారు?" అనింది. నేనేనని చెప్పలేక కిటికీలోంచి బయటికి చూశాను.

ఎనిమిది నెలల కింద గొర్రెల బేరానికి పుంగనూరు పోయినప్పుడు బస్టాండు దాపున కొత్త ల్యాబు బోర్డు చూశాను. డాక్టరు చీటీ అక్కరలేదు, మీ పరీక్ష మీరే చేయించుకోండి, ఒకరి ఖర్చుతో ఇద్దరికి అని రాసుంది. నాకు నచ్చింది. ఎవరి ముందూ చేతులు కట్టుకొని నిలబడక్కరలేదు, నా రక్తం, నా ఇష్టం అనుకున్నాను. ముసలోడికి తోడు రమ్మని నిన్ను పిలిచాను గానీ నా మనసులో ఉన్నది వేరు. అప్పటికి నెల రోజులుగా నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడక తూలుతోంది. సీజనులో తెల్లారకముందు నుంచి క్రేట్లు ఎత్తే మనిషికి కళ్ళు ఇంకెట్లా ఉంటాయి? ఆ ఆలోచన నాకు రాలేదు. నా తమ్ముడు సారాయికి పోయిన మనిషి. ఎర్ర కళ్ళు ఎవరివి చూసినా నాకు వాడే కనిపిస్తాడు.

నువ్వు ఆ పొద్దు రెండు లారీలు నింపి, నీళ్ళు కూడా తాగకుండా వచ్చినావు. రక్తం తీసిన ఫర్హానా "ఏమన్నా, చెయ్యి ఇట్లా వణుకుతాంది, ఏం పని చేసి వచ్చినావు?" అని అడిగింది. నువ్వు క్రేట్లని చెప్పినావు. ఆ మాట నేనూ విన్నాను.

కాగితాలు తెచ్చుకోవడానికి నేను ఒక్కడినే పోయాను. నీ కాగితంలో లివరు కాడ రెండు అంకెలు నల్లగా అచ్చేసి, పక్కన పైకి బాణాలు ఉన్నాయి.

"ఇవి యాల పైకి ఉండాయమ్మా?" అని ఫర్హానాను అడిగాను.

"అది నేను చెప్పేది కాదు తాతా. డాక్టరుకు సూపించు."

"తాగితే పెరుగుతాదా, లేదా? అంత మటుకు చెప్పు."

"తాగినా పెరుగుతాది, ఇంకా శానా వాటికి పెరుగుతాది, అందుకే డాక్టరు..."

నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. నాకు కావలసిన సగం నాకు దొరికింది.

తర్వాతది నీకు తెలుసు. కుప్పంలో మీ అక్క రాజేశ్వరి కూతురికి చెవులు కుట్టిన రోజు, పందిట్లో ఆకులు వేసి ఉండగా, నేను కాగితం విప్పి పట్టుకున్నాను. మీవాడు తాగుబోతు, వాడి రక్తమే చెప్తాంది అన్నాను. నువ్వు కూర్చున్న చోటినుంచి లేవలేదు. "మామా, నేను తాగను. మంజూ, నువ్వన్నా చెప్పు" అన్నావు. మంజు నీ వైపు చూసి "నిజమేనా?" అనింది. నేను దాని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను. అన్నం తిననివ్వలేదు.

జరిగింది జరిగింది. ఇప్పుడు నేను చెప్పేది విను. డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. వారం పది రోజులు బరువు పని మానెయ్. ఆమె దగ్గరికి వచ్చి మళ్ళీ రక్తం ఇయ్యి. బాణాలు పోయిన కాగితం తీసుకొని రా. అది అందరికీ చూపిస్తాను, మంజును నీ వెంట పంపిస్తాను.

నీ మామ,
ఓబులప్ప


కురబలకోట,
శుక్రవారం.

అప్పా జయచంద్రా,

నీ జాబు అందింది. నేను అంత పొడుగు ఉత్తరం రాస్తే నువ్వు ఒక్క వరుస రాసినావు. కోపంగా రాసుంటావని దొడ్లోకి పోయి విప్పాను. "డాక్టరు దగ్గరికి యాల పోయినావు మామా, వంట్లో బాగుండాదా?" అని ఉంది. అంతే. మంజు మాట లేదు, కాగితం మాట లేదు. నేను రాసినదాంట్లో నేను దాచిన ఒక్క మాటను పట్టుకున్నావు. తిట్టి రాసుంటే నాకు సులువుగా ఉండేది.

వంట్లో బాగాలేదు. ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు.

నాకు జబ్బు లేదని ఊరంతా చెప్పుకొని తిరిగిన మనిషిని. మాత్రలు మింగేవాళ్ళను చూసి నవ్వినవాడిని. మూడు నెలల కింద గొర్రెల వెంట పోతుంటే కాలికి ముల్లు దిగింది. దిగినట్టే తెలియలేదు. చెప్పు తడిసినాక చూసుకున్నాను. పసుపు పెట్టాను, ఆకు రసం పోశాను. మానలేదు. వాసన వచ్చినాక మంజు ఏడ్చి ఏడ్చి మదనపల్లెకు తీసుకుపోయింది. డాక్టరమ్మ కాలు చూసి, "ఎప్పుడన్నా సుగరు పరీక్ష చేయించుకున్నావా?" అని అడిగింది. సంచిలోనుంచి పుంగనూరు కాగితాలు తీసి ఇచ్చాను. అందుకే నీది కూడా ఆమె చేతికి పోయింది.

ఆమె ముందు చూసింది నా కాగితం. చాలాసేపు చూసింది.

"పెద్దాయనా, దీంట్లో బాణం లేదా?"

"ఉండాది."

"ఎనిమిది నెలలాయె. అప్పుడే వచ్చింటే మాత్రలతో పొయ్యేది. యాల రాలేదు?"

ఆమెకు చెప్పని నిజం నీకు చెప్తాను. ఆ రోజు ల్యాబులో ఫర్హానా నా కాగితం కూడా వేలు పెట్టి చూపించింది. ఆరు లోపల ఉండాల్సిన సుగరు అంకె పది దాటిందని చెప్పింది. ముందు రోజు బెల్లం ఓళిగలు తిన్నాలేమ్మా, దానికే అన్నాను. ఇది ఒక పూట తిండికి పెరిగేది కాదు తాతా, మూడు నెలల లెక్క అనింది. మీ మిషను చెడిపోయింది, చూసుకోపో అన్నాను. నాలుగు మెట్లు దిగేసరికి ఆ మాట మరిచిపోయాను. అదే మిషను, అదే పొద్దు తీసిన రక్తం, అదే అచ్చు. నీ కాగితంలో బాణాలను దేవుడి మాటగా నమ్మి కుప్పం దాకా మోసుకొచ్చాను. నా కాగితంలో బాణాన్ని పెట్టెలో అడుగున పెట్టి పైన పంచెలు పెట్టాను, ఆసుపత్రికి పోయే పొద్దే తీసి సంచిలో వేసుకున్నాను. ఎవరికైనా చెప్తే నవ్వుతారు. నేను ఆసుపత్రి మంచం మీద రెండు రోజులు ఇదే తలుచుకుంటూ పడుకున్నాను. వేలు పోయినందుకు అంత బాధ లేదు.

పరీక్షను తప్పు పట్టలేనప్పా. నా ఒంట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఎవరి చీటీ లేకుండా, ఎవరినీ బతిమాలకుండా చేయించుకోబట్టే అది కాగితం మీదికి వచ్చింది. డాక్టరు కోసం కాచుకోనుంటే నేను ఈ జన్మలో చేయించుకునేవాణ్ణి కాదు. కానీ దాన్ని చదివే మనిషి కూడా నేనే అయినాను. అక్కడ చెడింది. నాకు ఇష్టమైనప్పుడు నమ్మి, ఇష్టం లేనప్పుడు నమ్మలేదు.

కుప్పానికి వస్తున్నాను. నన్ను ఎదురుకోవడానికి స్టేషనుకు రావద్దు. నాకు మర్యాద చేయించుకునే ముఖం లేదు. పరీక్షకు మాత్రం సిద్ధంగా ఉండు. నువ్వు మంచివాడివని కాగితంతోనే అందరి నోళ్ళూ మూయిస్తాను.

ఓబులప్ప


కుప్పం,
బుధవారం.

అమ్మా మంజూ,

నాయన రాస్తున్నాను. ఫోను చేస్తే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను అరుస్తాను, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకని రాసి, రేపు పొద్దున మన వైపు వచ్చే సురేంద్ర చేతికి ఇస్తున్నాను. నేను మదనపల్లెలో కట్టు కట్టించుకుంటున్నానని నీకు చెప్పింది అబద్ధం. కుప్పంలో మీ అత్త కుప్పమ్మ ఇంట్లో ఉన్నాను.

వాకిట్లో కర్ర ఊనుకొని నిలబడితే కుప్పమ్మ నన్ను చూసి, "రా అన్నా. ఈ తూరి ఏం కాగితం తెచ్చినావు?" అనింది. అడిగించుకోవాల్సిందే. కాళ్ళకు నీళ్ళు ఇచ్చి, లోపలికి పోయి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందర పెట్టింది. దాంట్లో నాలుగు రక్తపరీక్ష కాగితాలున్నాయి. నాలుగూ జయచంద్రవే. నాలుగు చోట్ల తీయించినవి. మనం వచ్చేసినాక వాడు తనంతట తానే పోయి రక్తం ఇచ్చినాడంట, బాణాలు లేని కాగితం తెచ్చి మనకు చూపించాలని. ఇక్కడ గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్ళు మోసే పనిలో చేరినాడు. మోసి మోసి పోయి ఇచ్చినాడు. నాలుగు సార్లూ బాణాలు వచ్చాయి. పని వల్లనని చెప్పే దిక్కు వానికీ లేదు, డాక్టరు దగ్గరికి వాడూ పోలేదు.

"మూడో కాగితం సూసినాక నేను కూడా బిడ్డ నోరు వాసన సూసినాన్నా," అనింది కుప్పమ్మ. "నిద్రలో ఉంటే వంగి సూసినా. కళ్ళు తెరిసినాడు. మళ్ళ మూసుకున్నాడు."

అమ్మా, ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం వాడు వచ్చినాడు. కనుబొమల మీద రాతి దుమ్ము, చిక్కిపోయినాడు. నేను డాక్టరమ్మ మాట అంతా మళ్ళీ చెప్పాను. వారం పని మానుకో, మదనపల్లెకు పోదాం, మంచి కాగితం వస్తుంది అన్నాను.

"మానుకుంటే పోతాయి మామా. సరే. అప్పుడు నమ్ముతావు. మళ్ళ యాడాదికి ఇంకేదో పెరిగితే?"

"అప్పుడు డాక్టరమ్మనే అడుగుదాం రా."

"డాక్టరు దగ్గరికి పోతా. నా వంటి కోసం పోతా. నేను తాగలేదని సూపించడానికి మాత్రం ఇంక ఒక్క బొట్టు ఇయ్యను. అయిదు తూర్లు ఇచ్చినా. సాలు."

వాడు గొంతు పెంచలేదు. నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఇంత దూరం కుంటుకుంటూ వస్తే మాట వినడే అనుకున్నాను. తర్వాత అర్థమైంది, నేను ఇంకా కాగితమే అడుగుతున్నాను.

మరుసటి రోజు కుప్పమ్మతో చెప్పి, ఆ పొద్దు పందిట్లో ఉన్నవాళ్ళను పిలిపించాను. ఓ పదిమంది వచ్చారు. రాజేశ్వరి నా ముఖం చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. కూర్చోమన్నారు, నేను కూర్చోలేదు. ఆ పొద్దు నేను చెప్పింది తప్పు, ఈ పిల్లోడు తాగడు అన్నాను. పక్కింటి హరినాథ్ ఉన్నాడే, పెద్ద మనిషి, అతను అడిగినాడు:

"ఆ పొద్దు కాగితం సూపించినావు కదప్పా. ఇప్పుడు దేన్ని పట్టుకొని చెప్తాండావు?"

"దేన్నీ పట్టుకోలే."

"మరెట్లా తెలిసె?"

అప్పుడు నేను ఎవరికీ చెప్పని మాట చెప్పాను. నీకూ చెప్పలేదు. రక్తం ఇచ్చిన రోజు మదనపల్లె నుంచి పుంగనూరు దాకా బస్సులో వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయినాడు. ఊపిరి నా మెడకు తగులుతూనే ఉంది. చెమట వాసన, టమోటా వాసన. ఇంకే వాసనా లేదు. తాగినవాడి పక్కన ఇరవై ఏళ్ళు బతికినవాణ్ణి, ఆ వాసన నాకు తెలియదా? తెలుసు. పరీక్ష కంటే ముందే తెలుసు. కాగితం వచ్చినాక, నాకు తెలిసినదాన్ని పక్కన పెట్టి దాన్ని పట్టుకున్నాను. పెళ్ళప్పటినుంచీ వాడు నాకు తగిన అల్లుడు కాదని లోపల ఒక మొండితనం ఉండేది. దానికి కాగితం ఊతంగా దొరికింది. ఇదంతా పదిమందిలో చెప్పాను. నోరు ఎండిపోయింది.

రాజేశ్వరి లోపలికి పోయి లోటాతో మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టింది. చేతికి ఇవ్వలేదు. అదే ఎక్కువ.

అందరూ పోయినాక జయచంద్ర నా కాలు తన తొడమీద పెట్టుకొని కట్టు విప్పి చూసినాడు. బాగా వాచింది, మూడు రోజులు కదలొద్దన్నాడు. నీ సంగతి ఎత్తాను. మంజును పంపిస్తాను, పిలుచుకొని పోరా అన్నాను.

"నువ్వు పంపించొద్దు మామా. నువ్వే లాక్కొని పోయినావు, మళ్ళ నువ్వే పంపిస్తావా? నువ్వు నమ్మకపోతే నాకు కోపమొచ్చింది, అంతే. పందిట్లో ఆయమ్మ 'నిజమేనా' అనింది సూడు, అది నాకు ఇంకా పోలే. తానుగా రావాలనిపించి వస్తే రానీ. రాకపోతే తప్పు పట్టను."

కాబట్టి నేను నీకు పొమ్మని చెప్పడం లేదు. వద్దనీ చెప్పడం లేదు. నీ తరఫున నిలబడే అర్హత నాకు లేదు, వాని తరఫున కూడా లేదు. ఆ రోజు నువ్వు అడిగిన మాటకు నీకు జవాబు రావాల్సింది వాని దగ్గరినుంచి. నేను నడుమ దూరి, చెప్పనివ్వలేదు. వాడు నాలుగు కాగితాలు తీయించుకున్నది నాకు చూపించడానికి కాదు, నీకు. అది మాత్రం తెలుసుకో.

శనివారానికి నేను వస్తాను. అప్పటికి నువ్వు ఇంట్లో ఉంటే ఏమీ అడగను. లేకపోతే ఎక్కడికి పోయినావని ఎవరినీ అడగను. పోయేటట్టయితే గొర్రెలను దొడ్డమ్మకు అప్పజెప్పు. నా కాలు చూపి, నా మాత్రలు చూపి నువ్వు ఆగిపోవద్దు. మాత్రలు నేను మింగుకుంటాను. మీ అమ్మ పోయినాక నీకు సంగటి కెలికి పెట్టింది నేనే, నాకు ఒక్కడికి కెలుక్కోవడం రాదా?

మీ నాయన,
ఓబులప్ప