నలభై మందీ అవునన్నారు

ఫిబ్రవరి 20
రేపటి నుంచి కాదు, ఇవాళే! నా ఎమ్మే ప్రాజెక్టులో విమర్శ లేని వాక్యం ఒక్కటీ ఉండదు. అంశం: కొల్లేటి చేపల చెరువుల్లో కూలీలు. గడువు: మార్చి 14. దాటితే ఈ ఏడు పట్టా లేదు. ప్రతి వాక్యాన్నీ అడగాల్సినవి:
1. ఎవరన్నారు?
2. ఆధారమేది?
3. కాదంటే?
దీన్నే మూల్యాంకనం అంటారట! ఎంత బరువైన మాట! నోట్సు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాశాను.

ఫిబ్రవరి 22, ఉ. 11
ఏలూరు, కాలేజీ లైబ్రరీ. సీనియర్ ఫణీంద్ర ప్రాజెక్టు చదివాను. "పనిలో తృప్తిగా ఉన్నారా?" అని కొల్లేటికోటలో నలభై మందిని అడిగాడట. నలభై మందీ "అవును" అన్నారట! చేపల పులుసులో ఉప్పు సరిపోయిందా అంటేనే నలుగురు ఒక మాట మీద ఉండరు. మార్జిన్లో రాశాను: "ఇది పరిశోధన కాదు, హాజరు పట్టీ."

మార్చి 1
కొల్లేటికోట. బస్సు, ఆటో, దుమ్ము. ఏడుగురు దొరికారు. ఫారం ఫణీంద్రదే, మా గైడు సత్యనారాయణమూర్తి సార్ అదే వాడమన్నారు. చెరువు గట్టున మార్తమ్మ గారిని అడిగాను, తృప్తేనా అని.
"రెండూనండి. వల నిండిన రోజు అవునండి. నడుం లేవని రోజు కాదండి. రెండిటికీ టిక్కు పెట్టేయండి."
ఫారంలో 'రెండూ' అనే గడి లేదు. 'అవును'కి పెట్టాను. తర్వాత చూద్దాం.

మార్చి 4
సత్యనారాయణమూర్తి సార్ నా మొదటి అధ్యాయం చూశారు.
"ఏమ్మా పెర్సిస్, పెద్దవాళ్ళ పుస్తకాల్ని ఇలా ఉతికేస్తే వైవాలో నిన్నెవరు కాపాడతారు? కొందరు ఇలా అన్నారు, కొందరు అలా అన్నారు అని రాసెయ్."
పిరికితనం!
సా. 5: ఆలోచిస్తే అదీ ఒక సమతూకమే. తొమ్మిది చోట్ల రాశాను.

మార్చి 9, మ. 2
ఎండ. ఇంకా ముప్ఫై మూడు ఫారాలు. వాళ్ళేం చెబుతారో తెలిసిందేగా? ఫ్యాను కింద కూర్చున్నాను. అవును, అవును, అవును.
3కి అయిపోయింది! చెయ్యి నొప్పి.

మార్చి 14
ఇచ్చేశాను. సార్ మెచ్చుకున్నారు: "అద్భుతం! అచ్చం ఫణీంద్రది చదివినట్టే ఉందమ్మా."


మార్చి 15
జూనియర్ లక్ష్మీదుర్గ నా ప్రాజెక్టు కాపీ చూస్తానంది. పేజీలు తిప్పి ఆగింది.
"అక్కా, నలభై మందీ అవునన్నారా?"
"ఆ, అన్నారు."
"ఎవరక్కా వాళ్ళు?"
నా మొదటి ప్రశ్న. ఏడుగురి పేర్లే చెప్పగలిగాను.
సాయంత్రం సార్ దగ్గరికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ప్రాజెక్టు వెనక్కి అడిగాను.
"మతి పోయిందా అమ్మా? యూనివర్సిటీకి పంపకుండా ఐదు రోజులు ఆపుతాను. ఆరో రోజు నేనేమీ చెయ్యలేను."

మార్చి 16, ఉ. 6.10
కైకలూరు బస్సు, మళ్ళీ కొల్లేటికోటకి. మొదటి రోజు! కొత్త ఫారాల్లో గడులు లేవు, ఖాళీ గీతలే. నా పాత ప్రాజెక్టు మార్జిన్లో ముందే రాశాను: "ఇది పరిశోధన కాదు, హాజరు పట్టీ."
కొత్త ఫారం, మొదటి పేరు: మార్తమ్మ. జవాబు, ఆ రోజు చెప్పిందే: రెండూ.