పదకొండో ఎపిసోడ్, తల్లిగారింటి చీర

ఫిబ్రవరి 2

రాజేశం ఫోన్. నా భార్య సరోజనకు తమ్ముడు కాబట్టి అడిగే హక్కు ఉంది. ఆమె సంవత్సరీకానికి ఏమేం వండిస్తున్నావన్నాడు. చెప్పాను – పచ్చిపులుసు, గారెలు, మక్క గుడాలు. ఆమెకు ఇష్టమైనవన్నీ.

"ఇంకేం ఇష్టముండె బావా అక్కకు?"

"గా పాత సీరియల్. పదకొండో ఎపిసోడ్. అది గూడ పెడుత."

"ఫొటో ముంగట టీవీ పెడుతవా?"

పెడతాను.

ఫిబ్రవరి 3

మళ్లీ చూశాను. ఆమె పోయాక మొదటిసారి. నెట్‌లో ఎవరో పాత టేపు నుంచి ఎక్కించినది. బొమ్మ నిండా గీతలు.

హిందీ. కథ ఇంతే. ఒక స్త్రీ వేరే గ్రహం మీద ఒంటరిగా చిక్కుకుపోతుంది. రోజూ రేడియోలో అక్కడి వాతావరణం చెబుతుంది. ఆ మాట భూమికి చేరడానికి తొమ్మిదేళ్లు. ఇక్కడ ఒక ముసలి ఆపరేటర్ వింటూ ఉంటాడు. ఒకరోజు ఆమె గొంతు ఆగిపోతుంది. పై అధికారి యంత్రం కట్టెయ్యమంటాడు. ఆపరేటర్ కట్టెయ్యడు. మైకు దగ్గరికి జరుగుతాడు. ఇక్కడి వాతావరణం చెప్పడం మొదలుపెడతాడు. ఇవాళ మబ్బు... సాయంత్రం వాన పడొచ్చు... అంతే. పేర్లు పడతాయి.

సంగీతం లేదు. కన్నీళ్లు లేవు. ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని – ఆ తొమ్మిదేళ్ల ఆలస్యాన్ని ఒక్క సీనులోనూ మోసం చేయలేదు. ఆమె అడగడం, ఇతను వెంటనే జవాబివ్వడం ఎక్కడా లేదు. ఎవరికుంటుంది అంత పట్టుదల?

కొండలు థర్మోకోల్‌వి. తెలుసు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

ఫిబ్రవరి 4

అసలు మొదట నవ్వింది ఆమే. జమ్మికుంటలో అద్దెగది, ఇంటివాళ్ల టీవీ. పెళ్లయిన కొత్త. సిరిసిల్ల మగ్గాల ఇంటి పిల్ల... అంతరిక్షంలో వేసుకునే ఆ దుస్తులు చూడగానే – "అయ్యో, గా బట్ట లంగలది! మా బాపు నేసేది గదే!" అందరం నవ్వాం.

ఆఖరి సీనుకు నవ్వలేదు. ఎట్లుంది అన్నాను.

"ఆమె రోజు చెప్పె. బదులియ్యకుంటె ఏం మర్యాద?"

ఆ ఎపిసోడ్ గురించి ఇంతకంటే మంచి మాట నేను ఎక్కడా చదవలేదు.

ఫిబ్రవరి 6

రాజేశం మళ్లీ. ఈసారి గొంతు పెద్దది.

"నల్గురు నవ్వుతరు బావా. సారుకు దిమాక్ ఖరాబైందంటరు."

"అననీ."

"భజనోళ్లను నేను తోల్కొస్త. జర నా మాట ఇను."

"మీ అక్కకు భజనంటె తలనొప్పి."

"గట్లయితె తల్లిగారింటి చీర రాదు. ఇగ నీ ఇష్టం."

పెట్టేశాడు.

ఫిబ్రవరి 7

సంవత్సరీకం నాడు ఫొటో ముందు పుట్టింటివాళ్లు కొత్త చీర పెట్టాలి. అది లేకపోతే ఆమెకు వెనక ఎవరూ లేనట్టు. నేను ఎన్ని కొన్నా ఆ చీర కాదు.

దెబ్బ చూసి కొట్టాడు.

భజనకు ఒప్పుకుంటే చీర వస్తుంది. ఒక్క ఫోన్ చాలు.

ఆసుపత్రిలో చివరి వారం ఆమె నా ఫోన్‌లో ఏం పెట్టమందో రాజేశానికి తెలియదు. నాలుగుసార్లు. నాలుగోసారి కళ్లు మూసుకుని వింది...

ఒప్పుకోను.

ఫిబ్రవరి 9

చీర లేదని చిన్నబుచ్చుకుంటుందా? అడగడానికి లేదు.

అయినా ఒప్పుకోను.

ఫిబ్రవరి 11

అయింది.

అత్తమ్మ ఒక్కతే వచ్చింది. కరీంనగర్‌లో బస్సు మారి, మంచిర్యాలలో మా ఇంటి దాకా. ఈ వయసులో. సంచిలో చీర. ఆకుపచ్చది, ఎర్రంచు.

"వాడు రానన్నడు. నేను నా బిడ్డకు తెచ్చిన."

ఫొటో ముందు పెట్టింది. నా వైపు చూడలేదు.

భోజనాలయ్యాక టీవీ పెట్టాను. ఇరవైమంది దాకా ఉన్నారు. కొండలు రాగానే వెనక కిసకిసలు. మా పెద్దన్న – "గిదేందిరా, పిలగాండ్ల ఆటనా?" ఆపలేదు. సంజాయిషీ ఇవ్వలేదు. టీవీ పక్కనే నిలబడ్డాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పోనీ.

అత్తమ్మకు హిందీ రాదు. పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. ఆపరేటర్ మైకు దగ్గరికి జరిగేచోట ఆగాను. నీళ్లు తాగి మళ్లీ చెప్పాను.

అయిపోయాక అడిగింది – "గా ముసలాయన రేపు గూడ చెప్తడా?"

కథలో లేదు. ఇన్నేళ్లలో నాకు ఆ ప్రశ్నే రాలేదు.

"చెప్తడు అత్తమ్మా."

"చెప్పాలె."

ఫిబ్రవరి 12

చీర బీరువాలో పెట్టలేదు. ఫొటో ముందే ఉంది.

ఫిబ్రవరి 14

రాజేశం ఫోన్. పలకరింపు లేదు.

"అవ్వకు ఏం చూపెట్టినవ్ బావా?"

ఎందుకు అన్నాను.

"వచ్చిన కాన్నుంచి గదే పని. పొద్దుగాల లేస్తది, వాకిట్ల నిలబడి మొగులు దిక్కు చూస్తది. ఇయ్యాల ఎండ గట్టిగున్నది బిడ్డా అంటది. ఎవల్తోని మాట్లాడుతున్నవే అంటె నన్నే తిడుతది. నాకు పరేషానైతుంది బావా. ఏం చూపెట్టినవ్?"

"వచ్చి చూడు," అన్నాను.

అవతల మగ్గాల చప్పుడు. ఈసారి అతను ఫోన్ పెట్టెయ్యలేదు.