సంతకం లేని కాగితం

ప్రియమైన అత్తయ్యకు,

ఆసుపత్రికి క్యారియర్ తెచ్చిన మామయ్య చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. పాప బరువు తొమ్మిది వందల గ్రాములు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ల ఒంట్లో రక్తం త్వరగా ఊరదట. ఉన్న కాస్తా పరీక్షలకే పోతోంది. పాదాలు పాలిపోయాయి. రేపు పొద్దున్నలోగా రక్తం ఎక్కించాలంటున్నారు.

ఒప్పుకోలు కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. పాపతో పాటే పుట్టిన బాబుకు పెట్టాను. రక్తం ఎక్కించిన మర్నాటికి వాడి పొట్ట ఉబ్బింది. పేగు కుళ్లిందన్నారు. మూడో రోజుకు లేడు. వాళ్లమ్మ పోయి అప్పటికి వారం.

పెడితే అది, పెట్టకపోతే ఇది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నర్సు గంటకోసారి "ఏమనుకున్నారు సార్?" అంటుంది. బెంచీ మీంచి లేవలేకపోతున్నాను.

బాబు పోయాక మీరు ఇటు రావడమే మానేశారు. నా మీద కోపం న్యాయమే.

మీ అల్లుడు

నాయనా,

మీ మామయ్యను గుమ్మంలో నిలబెట్టి రాస్తున్నాను. "చెప్పులైనా విప్పనివ్వవే" అని సణుగుతున్నారు.

కోపం కాదు. నీ మొహం చూడలేక రాలేదు. అమ్మాయిని కాటికి సాగనంపడానికి నువ్వు వెళ్లిన మూడు రోజులూ నేనే అక్కడున్నాను కదా. మొదటి రోజే డాక్టరమ్మ బాబుకు రక్తం కావాలని కాగితం తెచ్చింది. "ఎవరిదో రక్తం నా మనవడికెందుకమ్మా, పాలు పట్టండి, అదే పడుతుంది" అన్నాను. నీకు చెప్పొద్దని ఆవిడ కాళ్లావేళ్లా పడ్డాను. నువ్వు వచ్చి సంతకం పెట్టేసరికి వాడు సున్నంలా తెల్లబడ్డాడు.

బాబు పోయాక, నేను ఆపినందుకేనా అని ఆవిడను అడిగాను. "ఇదే కారణమని గట్టిగా చెప్పలేం. రక్తం అంతగా తగ్గితే పేగు ముందే దెబ్బతిని ఉండొచ్చు" అంది.

తప్పు నీ సంతకానిది కాదు. నన్ను తర్వాత తీరిగ్గా తిట్టుకో. ముందు పెట్టు.

అత్తయ్య

అత్తయ్యా,

పెట్టాను. పదమూడు మిల్లీలీటర్లు, నాలుగు గంటలు. అంతసేపూ పాలు ఆపారు. పొట్ట చుట్టుకొలత ప్రతి గంటా కొలిచారు. నేను అంకె వినకుండా నర్సు మొహమే చూశాను.

ఇవాళ మూడో రోజు. పొట్ట మెత్తగా ఉంది. పాలు మళ్లీ చుక్క చుక్కగా మొదలుపెట్టారు. గండం గడిచిందని ఎవరూ అనడం లేదు.

మిమ్మల్ని క్షమించానో లేదో నాకింకా తెలియదు. అబద్ధం రాయలేను. కానీ పాపను గుండె మీద పడుకోబెట్టుకోనిస్తున్నారు. ఎంత సేపుంటే అంత మంచిదట. నేను రెండు గంటలకు మించి కదలకుండా ఉండలేను, ఏడుపు వస్తుంది. తర్వాతి రెండు గంటలకు ఇక్కడ ఎవరూ లేరు.

రేపు క్యారియర్ మీరే తీసుకురండి.

అల్లుడు