మంగళంతో మొదలైన భజన

అమ్మమ్మా,

నువ్వెళ్లి నిన్నటికి ఏడాది. నీ భజన తాళాలు ఇన్నాళ్లూ రాజాం రామాలయం గూట్లోనే ఉన్నాయి.

మగపిల్లాడిగా పుట్టిన నన్ను నువ్వు మనవరాలివంటూ పక్కన కూర్చోబెట్టుకుని పాడించావు. ఇప్పుడు నాలాంటి పిల్లలకి శనివారాలు గుడి అరుగు మీద నేను భజన నేర్పుతున్నాను. ఇంట్లో నోరెత్తలేని పిల్లలు అక్కడ గొంతెత్తి పాడుతున్నారు, ముందుండి పాడించడం కూడా నేర్చుకుంటున్నారు. నీతో భజనలు పాడిన జతగత్తె పార్వతమ్మకి మాత్రం ఇదంతా గిట్టేది కాదు. మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునేది.

నిన్న నీ పేరున భజన పెట్టి, తాళాలు కీర్తి చేతికిచ్చాను. ఒక అమ్మాయిని ప్రేమించిందని ఇంట్లోవాళ్లు మాటలు మానేసిన పిల్ల అది. పార్వతమ్మ ఎదురుగానే కూర్చుంది. ఆ కంగారులో కీర్తి తిన్నగా మంగళహారతి ఎత్తుకుంది. భజన మొదలవకముందే ముగింపు పాట! నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఒసే, దేవుడింకా కూకోనేదు. అప్పుడే పంపించీస్తావేటి?" అంది పార్వతమ్మ.

మండపమంతా నవ్వింది. కీర్తికీ నవ్వొచ్చింది.

"గణపతి పాట ఎత్తుకో. మేం అందుకుంటాం," అంది ఆవిడే.

ఇంక కీర్తి ఆగలేదమ్మమ్మా. హారతి దాకా అందరిచేతా పాడించింది.

చివర్లో నేను తాళాలు గూట్లో పెట్టబోతే, పార్వతమ్మ లాక్కుని కీర్తి సంచిలో పడేసింది. నావైపు తిరిగి, "పిల్లలకి పాటల వరసే నేర్పనేదు నువ్వు. శనివారం నానొస్తాను," అంది.

రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

ఆవిడ మోకాళ్లు వంగవు కదా. శనివారం నీ ఎత్తు పీట తీసుకెళ్తాను.